పాడైన ఫోను, పొరుగువారి హక్కు

పటాన్‌చెరు నుండి ఒక సోదరి ఇలా అడిగారు: "ల్యాండ్‌లైనుకు పెట్టుకున్న మా కార్డ్‌లెస్ ఫోనుకు చార్జింగు నిలవడం లేదు. కబాడీ బండికి వేసేయమని మావారు అంటున్నారు. చుట్టూ ఇన్ని ఫ్యాక్టరీల వ్యర్థాలు ఉండగా ఇంత చిన్న బ్యాటరీ గురించి ఆలోచించవలసిన పని ఉందా?"

ఉంది. అయితే దానిని పారవేయడం గురించి చెప్పే ముందు, అది నిజంగా పాడైనదో లేదో చూడవలసి ఉంటుంది. సంపదను వృథా చేయడాన్ని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వారించారు. చార్జింగు నిలవని కార్డ్‌లెస్ ఫోన్లలో చాలావాటికి చెడిపోయేది బ్యాటరీ మాత్రమే. ఈనాటి సెట్లలో సాధారణంగా 1.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు రెండు ఉంటాయి. పాత సెట్లలో మూడు నికెల్ కాడ్మియం సెల్లులను కలిపి చుట్టిన ప్యాకు ఉండేది. ముందుగా స్విచ్ ఆపి, చార్జింగు స్టాండులోని లోహపు బిళ్లలను పొడిగుడ్డతో తుడవండి. అప్పటికీ ఫలితం లేకపోతే సెట్టు మీద గాని, దానితో వచ్చిన పుస్తకంలో గాని సూచించిన రకం బ్యాటరీయే వేయండి. గోడ గడియారంలో వేసే మామూలు సెల్లులు ఇందులో వేయరాదు. వాటిని చార్జింగుకు పెడితే కారవచ్చు, పగలవచ్చు.

ఇక వాడకంలో జాగ్రత్తలు. నిద్రించే ముందు దీపాలు ఆర్పివేయమని ప్రవక్త (సఅసం) ఆదేశించారు. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ ఇంటివారితో సహా అగ్నికి ఆహుతైనప్పుడు, నిప్పు మీకు శత్రువని హెచ్చరించారు. రాత్రింబవళ్లు కరెంటుకు తగిలించి ఉండే వస్తువుల విషయంలోనూ ఈ బోధ మనకు వర్తిస్తుంది. ఫోనుతో వచ్చిన అడాప్టరునే వాడండి. దాని మీద గుడ్డలు, పుస్తకాలు పెట్టకండి. అది మరీ వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా, బ్యాటరీ ఉబ్బినా వెంటనే స్విచ్ ఆపి వాడకం మానండి. ఉరుములు మొదలు కాకముందే అడాప్టరును, టెలిఫోను తీగను ఊడదీయండి. వంటగదిలో గ్యాసు వాసన వస్తే ఆ ఇంట్లో ఉండి ఫోను చేయకండి. బయటికి వెళ్లి, దూరం నుండి చేయండి.

మరొక మాట. కరెంటు పోతే కార్డ్‌లెస్ ఫోను స్టాండు పనిచేయదు, ఇక చేతిలోని సెట్టు మూగపోతుంది. మనది కర్మాగారాల ప్రాంతం. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో నలభైమందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి చోట ఆపద సమయంలో కబురు అందించే మరొక సాధనం ఇంట్లో సిద్ధంగా ఉండాలి.

మరమ్మతుకు అందని ఫోనును వదిలించుకునే ముందు అందులో దాచుకున్న పేర్లను, నంబర్లను చెరిపివేయండి. బంధుమిత్రుల నంబర్లు మన వద్ద అమానతు. వాటిని ఎవరి చేతికో అప్పగించే హక్కు మనకు లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పాత ప్యాకుల్లోని కాడ్మియం మూత్రపిండాలను, ఎముకలను దెబ్బతీసే లోహం. జపానులోని జింజు నదిలోకి గని నుండి చేరిన కాడ్మియం వరిపొలాలకు పాకింది. ఆ బియ్యం తిని, ఆ నీరు త్రాగినవారి ఎముకలు పెళుసై విరిగిపోయాయి. దానిని కాలుష్యం వల్ల వచ్చిన వ్యాధిగా అక్కడి ప్రభుత్వం 1968లో అంగీకరించింది. పాత సెట్లలోని అతుకులకు వాడిన టంకంలో సీసం ఉంటుంది. రాగి కోసం ప్లాస్టిక్ తొడుగు ఉన్న తీగలను కాల్చితే విషవాయువులు వెలువడతాయి.

ఆ పొగను ముందుగా పీల్చేది ఎవరు? మన సముదాయానికి చెందిన ఎందరో పాత సామాను వ్యాపారంతో జీవిస్తున్నారు. అది కష్టార్జితం, గౌరవించదగినది. ఆ సోదరుడు ఫోనును సుత్తితో పగులగొట్టి తీగలు కాల్చుకుంటే, అతని పక్కనే ఆడుకునే పిల్లల ఊపిరిలోకి ఆ విషం చేరుతుంది. హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని తలపెట్టరాదు అన్నది ప్రవక్త (సఅసం) మనకిచ్చిన మౌలిక సూత్రం.

ఫ్యాక్టరీల ముందు ఇది ఎంత అన్న మాటలో ఆవేదన ఉంది. అది న్యాయమైన ఆవేదనే. ఈ ప్రాంతపు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. పటాన్‌చెరు సమీపంలోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఉన్నదని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. నక్కవాగు చివరికి మంజీరలోనే కలుస్తుంది. పెద్దవారి తప్పును ప్రశ్నించడం మన బాధ్యత. కాని వారి తప్పు మన తప్పుకు అనుమతిపత్రం కాజాలదు. తీర్పు దినాన ప్రతి ఒక్కరూ తమ కర్మలకు తామే జవాబు చెప్పుకోవాలి. పైగా, మన వీధి కాలువను మనమే పాడు చేసుకుంటూ వాగు కోసం గొంతెత్తితే ఆ మాటకు బలం ఉండదు. నీటిరేవులను, బాటలను, నీడపట్టులను మలినపరచేవారు శాపానికి గురవుతారని హదీసు హెచ్చరిస్తోంది. బాటలో నుండి హానికర వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అని కూడా బోధిస్తోంది.

ఆచరణలో చేయవలసింది కొద్దిగానే ఉంది. బ్యాటరీని ఫోను నుండి వేరు చేసి, దాని రెండు కొసలకు టేపు అంటించండి. పిల్లలకు అందని పొడి డబ్బాలో ఉంచండి. పగులగొట్టకండి, కాల్చకండి, చెత్తబండిలో వేయకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీని ఇతర చెత్తతో కలపకుండా ఉంచడం వినియోగదారుని విధి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల పరిధిలోకి కార్డ్‌లెస్ ఫోన్లు కూడా వస్తాయి. వాటిని రీసైక్లింగుకు చేర్చే బాధ్యతను ఆ నిబంధనలు తయారీ సంస్థలపై ఉంచాయి. కనుక సంస్థవారి సేవా కేంద్రాన్ని అడగండి, లేదా కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన రీసైక్లింగు సంస్థకు ఇవ్వండి. ఒక్క ఫోను కోసం అంత దూరం వెళ్లడం కష్టమైతే, వీధిలోని నాలుగు కుటుంబాలు కలిసి ఒకరికి ఆ పని అప్పగించవచ్చు. మసీదు కమిటీలు ఏడాదికి ఒకసారి పూనుకుంటే ఇది మరింత సులువు.

సోదరీ! మీవారికి మా సలాములతోపాటు ఈ మాట తెలుపండి: కబాడీ బండిలో ఆ ఫోనుకు వచ్చేది కొద్ది రూపాయలే. పొరుగువారికి తప్పించిన కీడుకు ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉంది. మన చేతుల నుండి, మన వస్తువుల నుండి ఇతరులకు హాని కలుగకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఆమీన్.