భూమికి కట్టిన గుడి

చంద్రుని చుట్టూ వలయం కనబడితే “గుడి కట్టింది, వాన వస్తుంది” అంటారు మన ఇళ్లలో పెద్దలు. “దూరపు గుడి దగ్గర వాన” అని సామెత కూడా ఉన్నది. ఎత్తైన మబ్బులలోని మంచు పలుకులు కట్టే గుడి అది. భూమికి కూడా ఒక గుడి ఉన్నది. ఈ నెల దాని సంగతి చెప్పదలచాము.

గాలిలోని నీటి ఆవిరిలో ఏ కొంచెమో బాగా పైకి చేరి, ఎండ ధాటికి విడిపోతుంది. అందులోని ఉదజని, అనగా హైడ్రోజన్, అన్నిటికంటె తేలిక గనుక పైపైకి పోయి భూమిని ఆవరిస్తుంది. సూర్యుని అతినీలలోహిత కిరణాలు తగిలి అది వెలుగుతుంది. ఆ వెలుగు మన కంటికి ఆనదు.

1972 ఏప్రిల్‌లో అపోలో 16 యాత్రికులు చంద్రుని మీద నిలిపిన కెమెరా ఈ గుడిని ఫొటో తీసింది. ఆ కెమెరాను రూపొందించినవారు అమెరికా శాస్త్రజ్ఞులు జార్జి కారుథర్స్. ఈ వాయువు 6,30,000 కిలోమీటర్ల దాకా పలుచగా వ్యాపించి ఉన్నదని 2019లో వెల్లడైంది. చంద్రుడున్నది సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలోనే! అంటే, ఫొటో తీసినవారు గుడి లోపలే నిలబడి ఉన్నారన్నమాట.

సుమారు 11 ఏళ్లకొకసారి సూర్యునికి ఉధృతి వస్తుంది. అతినీలలోహిత కాంతి హెచ్చుతుంది. గుడి కూడా అదే లెక్కన వెలగాలి కదా అనిపిస్తుంది. కాని జమతోపాటు ఖర్చూ చూడాలి. ఆ ఉధృతికి పైగాలి వేడెక్కి, తేలికైన హైడ్రోజన్ నిలవక జారుకుంటుంది; గుడి అడుగుభాగం పలుచబడుతుంది. సూర్యుడు శాంతించాక తిరిగి చిక్కబడుతుంది. వత్తి ఎగదోసిన చేతే నూనెనూ తగ్గిస్తున్నదన్నమాట! ఈ మార్పులను కనిపెట్టడానికే కారుథర్స్ పేరుతో ఒక నౌకను 2025 సెప్టెంబరు 24న అంతరిక్షానికి పంపారు.

భూమి నుండి పోయే హైడ్రోజన్ సెకనుకు సుమారు 3 కిలోలు. అది చాలావరకు ఒకప్పటి మన నీరే. శుక్రగ్రహం తన నీటిని ఇలాగే పోగొట్టుకున్నదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మనకు ఆ భయం లేదు. నూరు కోట్ల సంవత్సరాలు ఇదే రీతిగా పోయినా సముద్రాలలో వెయ్యవ వంతు కూడా తరగదు. కారణం, పది పదిహేను కిలోమీటర్ల ఎత్తున ఉన్న గడ్డు చలి. పైకి పోయే ఆవిరిని అది మంచుగా మార్చి ఆపేస్తుంది.

చంద్రునికి గుడి కట్టే మంచు పలుకులు ఆ చలిలో పుట్టినవే. ఈసారి గుడి కనబడితే వాన సంగతితోపాటు ఈ కాపలా సంగతి కూడా పిల్లలకు చెప్పుదాం.