వరదగుడి ఫొటోలు – సగటు లెక్క

2021 మే 24న బెంగుళూరులో సూర్యుడి చుట్టూ పెద్ద వలయం కనిపించింది. చాలామంది మిద్దెలెక్కి ఫొటోలు తీశారు. పిల్లలు దాన్ని 'హాలో' అంటారు. మన పెద్దల మాట 'వరదగుడి'. 'దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన' అని సామెత కూడా ఉంది.

ఎంతో ఎత్తున పరుచుకున్న పల్చని మేఘాల్లో ఆరు పలకల మంచు స్ఫటికాలుంటాయి. వాటిలోంచి దూరిన వెలుగు సుమారు 22 డిగ్రీలు వంగి ఈ గుడి కడుతుంది. లోపలి అంచు ఎర్రగా ఉంటుంది. సామెతలోని దగ్గర గుడి వేరు. అది సన్నని నీటి బిందువుల వల్ల వచ్చేది.

వలయం కంటికే తెలుస్తుంది. దాని పరిసరాల్లో అరుదుగా వచ్చే లేత చాపాలే చిక్కవు. 1895లో నెదర్లాండ్స్‌కు చెందిన కెర్న్ చెప్పిన చాపానికి తొలి ఫొటో 2007లో గాని దొరకలేదు, అదీ ఫిన్లండ్‌లో.

ఇలాంటివాటికి పనికొచ్చేది 'స్టాకింగ్'. కెమెరాను స్టాండుకు బిగించి, కొద్ది నిమిషాల్లో పదుల కొద్దీ ఫొటోలు తీయాలి. కంప్యూటరులో సూర్యుడి మీద సూర్యుడు వచ్చేలా వాటిని పేర్చి సగటు కట్టాలి. మా బ్యాంకు భాషలో ఇది సగటు నిల్వ లాంటిది. రోజువారీ జమాఖర్చులు ఎలా ఊగినా ఖాతా అసలు తీరు సగటులో తెలుస్తుంది. అలాగే కదిలే మబ్బు తునకలు, కెమెరా తెచ్చే చుక్కలు అణగిపోతాయి. సూర్యుణ్ణి అంటిపెట్టుకున్న వలయం నిలుస్తుంది. 16 ఫొటోలు కలిపితే చుక్కలు నాలుగో వంతుకు తగ్గుతాయి. పదో వంతుకు తగ్గాలంటే 100 కావాలి. ఆపైన, మసకబార్చిన నకలును అసలులోంచి తీసివేస్తే అంచులు తేలతాయి.

జాగ్రత్త పడవలసింది ఇక్కడే. మెరుగు మితిమీరితే లేని గీతలు పుడతాయి. లెన్సులో పుట్టిన దొంగ వెలుగు సగటులోనూ పోదు. అందుకని సూర్యుణ్ణి ఫొటోలో మరోచోట ఉంచి ఇంకో వరస తీసి సరిచూడాలి. అసలు ఫొటోలు చెరపకండి. ఓచర్లు లేని లెడ్జరును ఏ ఆడిటరూ ఒప్పుకోడు. ఎన్ని కలిపారో, ఏం మార్చారో రాసి ఉంచండి.

అన్నిటికన్నా కళ్లు ముఖ్యం. సూర్యుణ్ణి నేరుగా చూడవద్దు, కెమెరా కంతలోంచి అసలే వద్దు. ఏ స్తంభం చాటునో సూర్యుణ్ణి దాచి తీయాలి. పిల్లలతో అయితే చంద్రుడికి గుడి కట్టిన రాత్రి మొదలుపెట్టండి. చేయి చాచి, వేళ్లు విప్పి, బొటనవేలు చంద్రుడి మీద ఉంచితే చిటికెన వేలు ఇంచుమించు వలయాన్ని అందుకుంటుంది. ఫొటో కింద తేదీ, ఊరు వేసి 'వరదగుడి' అని తెలుగులోనే రాయించండి.