ఎగువేది, దిగువేది?

ఈ వారం గోదావరి పుష్కరాల పనుల మీద రాద్దామనుకున్నాను. కానీ సోమవారం సాయంత్రం టీవీ వెనకాల మోకాళ్ళ మీద కూర్చున్నవాణ్ణి, నడుం పట్టేసి ఇంకా సరిగ్గా లేవలేకపోతున్నాను. కాబట్టి టీవీ వెనకాల సంగతులే రాస్తాను. పుష్కరాలకి 2027 దాకా టైముంది.

మా అమ్మకి ఎనభై రెండేళ్ళు. అటక సర్దుతుంటే 1994 నాటి మా పెళ్ళి కేసెట్టు దొరికింది. పక్కనే, పాత దుప్పట్లో చుట్టి, వీసీఆర్. “ఒరే అబ్బాయ్, మీ నాన్నగారు ఇందులో నడుస్తార్రా” అంది అమ్మ. నాన్నగారి ఫొటోలు మా ఇంట్లో మూడు గోడలకున్నాయి. నడిచే నాన్నగారు మాత్రం ఆ ఒక్క కేసెట్టులోనే ఉన్నారు.

వీసీఆర్ వెనక మూడు కన్నాలు, ఏవీ అంటారు. పసుపు బొమ్మకి, ఎరుపూ తెలుపూ చప్పుడుకి. దసరాకి కొన్న మా కొత్త టీవీ వెనక ఆ మూడూ లేవు. బల్లపరుపుగా హెచ్‌డీఎంఐ కన్నాలు రెండున్నాయి. మధ్యలో ఒక పెట్టె పెడితే సరిపోతుందన్నారు. మెయిన్ రోడ్డు మీద ఒక కొట్టుకి వెళ్ళాను. కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండా, అగ్గిపెట్టెకి అన్నలా ఉన్న తెల్ల పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.

“పాత వీసీఆరు, కొత్త టీవీ బాబూ. పనిచేస్తుందా?”

“ఆయ్, దేనికైనా పడుద్దండి.”

నాలుగొందల యాభై ఇచ్చి తెచ్చుకున్నాను. పట్టడానికి అన్నీ పట్టాయి, అదే మోసం. పసుపులో పసుపు, ఎరుపులో ఎరుపు, తెలుపులో తెలుపు, టీవీ వైపు హెచ్‌డీఎంఐ తీగ. తెర మీద మాత్రం ‘నో సిగ్నల్’ అన్న ముక్క గోదాట్లో కొట్టుకుపోతున్న గుర్రపుడెక్కలా అటూ ఇటూ తేలుతోంది. రెండు గంటలు తిప్పాను, పీకాను, ఊదాను. అమ్మ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంది. ఆఖరికి హైదరాబాదు నుంచి మావాడు ఫోన్లో, “నాన్నా, పెట్టె మీద ఏం రాసుందో చదువు” అన్నాడు. చదివాను. హెచ్‌డీఎంఐ, అంకె రెండు, ఏవీ. “మనకి కావాల్సింది ఏవీ, రెండు, హెచ్‌డీఎంఐ. నువ్వు ఉల్టా తెచ్చావ్.”

నేను తేలేదు. నాకిచ్చారు. ఈ తేడా దగ్గరే నా ఒళ్ళు మండింది.

డెల్టాలో పుట్టినవాడికి ఎగువేదో దిగువేదో ఒకడు చెప్పాలా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుంచి ఇక్కడ బోదె తవ్వే మనిషి కూడా మొదట అడిగే మాట, నీరెటునుంచి వస్తోంది అని. అది అడక్కుండా పార ఎత్తడు. ఆ ఒక్క ప్రశ్న కొట్టులో కుర్రాడు అడిగుంటే నా నడుం బాగుండేది. ఆ పెట్టె కూడా కాలవలాంటిదే, ఒకవైపే పారుతుంది. వీసీఆర్ ఇచ్చేది అల. సెకనుకి 25 బొమ్మలు, బొమ్మకి 625 గీతలు, పాల్ పద్ధతి అంటారు, అప్పట్లో మన దూరదర్శన్‌దీ అదే. కొత్త టీవీకి అల అక్కర్లేదు, అంకెలు కావాలి. మధ్యలో పెట్టె కూర్చుని అలని కొలిచి అంకెలుగా మార్చాలి. అందుకే దానికి విడిగా 5 వోల్టుల కరెంటు కూడా పెట్టాలి. అంకెల్ని మళ్ళీ అలగా మార్చేది వేరే పెట్టె, వేరే చిప్పు. చూడ్డానికి రెండూ కవలలు.

ఇంతటి తేడానీ ఒక అంకెలో దాచారు. ఇంగ్లీషులో ‘టు’ అనే మాటకి బదులు 2 వేశారు. చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు వలన పంచమి, కు షష్ఠి అని బెత్తం పుచ్చుకుని వల్లె వేయిస్తుంటే, ఇదెందుకు పనికొస్తుందిరా దేవుడా అనుకున్నాను. ఇదిగో, ఇందుకు. ‘వీసీఆర్ నుంచి టీవీకి’ అని పెట్టె మీద తెలుగులో నాలుగు ముక్కలు అచ్చు వేయడానికి ఎంత సిరా అవుతుంది? అగ్గిపెట్టె మీద తెలుగుంటుంది, పురుగుమందు డబ్బా మీద ఉంటుంది. కరెంటు సామాను మీద మాత్రం ఎలక చెవంత అక్షరాల్లో ఇంగ్లీషు, పక్కన చైనా లిపి.

వెనక్కిచ్చేద్దామని వెళ్తే, “బాగున్న వస్తువే కదండీ” అన్నాడు. నిజమే, వస్తువులో లోపం లేదు. లోపమున్నదాన్ని 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోతే తప్పని 2019 వినియోగదారుల చట్టంలో ఉంది. బిల్లు ఇవ్వకపోవడమూ తప్పేనని అందులోనే ఉంది. చెప్పాను. కుర్రాడు నన్ను లాయరనుకుని నీళ్ళ సీసా ఇచ్చాడు, డబ్బులివ్వలేదు. రెండో పెట్టె ఇంకో కొట్లో కొన్నాను, ఐదొందలు. ఈసారి బిల్లుతో.

అసలు ఆ మూడు కన్నాలు ఎందుకు తీసేశారంట? టీవీ పలచబడాలట. గోడకి తగిలించే టీవీ ఎంత పలచగా ఉందో వెనక్కెళ్ళి చూసేవాళ్ళెవరు, బల్లి తప్ప? కొన్నిటికి మూడింటికీ కలిపి ఇయర్‌ఫోన్ కన్నమంత చిన్నది ఒకటి పెడుతున్నారు. దానికి దాని సొంత తీగే కావాలి. పాత కెమెరా తీగ అచ్చం అలాగే ఉంటుంది, లోపల వరసలు వేరు. గుచ్చితే బొమ్మ బదులు జుయ్యిమని చప్పుడొస్తుంది. ఏ కంపెనీ తీగ ఆ కంపెనీదే. వీసీఆర్ల పనైతే ఎప్పుడో అయిపోయింది. 2016 జులైలో జపాన్‌లో ఫునాయ్ కంపెనీ తయారీ ఆపేసింది, ప్రపంచంలో ఆఖరిది అదే. ఇక మన కేసెట్లకి గోదావరి గాలి చాలు. ఆ తేమకి టేపు అంచున తెల్లగా బూజు పడుతుంది, అది వీసీఆర్ హెడ్డుకి అంటుకుంటుంది. 1996 నవంబరు తుపానులో కోనసీమలో ఇళ్ళకి ఇళ్ళే పోయాయి. ఎన్ని పెళ్ళిళ్ళు నీళ్ళపాలయ్యాయో లెక్క రాసిన ఆఫీసు లేదు.

పాతవాటికి కన్నం మూసెయ్యడం కంపెనీలకే వచ్చిన విద్య కాదు. గోదావరి గట్టు మీదికెళ్ళి చూడండి. హేవలాక్ వంతెన, 56 ఖానాలు. 1900 నుంచి 1997 దాకా మద్రాసు-కలకత్తా రైళ్ళని మోసింది. పక్కన ఆర్చి వంతెన రాగానే దీనికి తీగ పీకేశారు. ఆనాటినుంచీ అక్కడ నడకదారి వస్తుందనీ, హోటళ్ళొస్తాయనీ వింటూనే ఉన్నాం. ఆ మాట విన్న కుర్రాళ్ళకి పెళ్ళిళ్ళై పిల్లలు పుట్టి ఆ పిల్లలు ఇంజనీరింగులో చేరారు. 2025లో అఖండ గోదావరి అని శంకుస్థాపన చేశారు, సంతోషం. శంకుస్థాపన రాళ్ళకి మా ఊళ్ళో ఎన్నడూ లోటు లేదు. మరిచిపోయినవాటికీ లేదు. 1936లోనే దుర్గా సినీటోన్ అని సినిమా స్టూడియో పెట్టిన ఊరిది. అదెక్కడుండేదో నేటి పిల్లల్లో ఎవరికైనా తెలుసా? వంతెనయినా స్టూడియో అయినా, దానికీ నేటికీ మధ్య పెట్టాల్సిన పెట్టె ఏదో ఎవరో కొనాలి. అది కూడా ఉల్టా తెస్తారని నా భయం. నడిచేవాళ్ళకి పాత వంతెన ఇమ్మంటే, పాత వంతెన మీద సెల్ఫీ పాయింటు కట్టి టిక్కెట్టు పెడతారు.

సరే, కేసెట్టు. రెండో పెట్టెకి 720, 1080 అని ఒక మీట ఉంది. 1080 వైపు నొక్కితే మా మేనత్త పట్టుచీర జరీ కూడా తళతళలాడుతుందని ఆశపడ్డాను. కేసెట్టులో లేని జరీని మీట నేయలేదు. పైగా అప్పటి తెర నాలుగుకి మూడు, ఇప్పటిది పదహారుకి తొమ్మిది. సాగదీసేసరికి పెళ్ళిపీటల మీద నేను ఇప్పటి పొట్టతోనే కనిపించాను. ఒకప్పుడు సన్నగా ఉండేవాణ్ణనడానికి మిగిలిన ఆఖరి సాక్ష్యం అలా పోయింది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేదు. రిమోట్‌లో సైజు మార్చే మీట వెతికి సన్నబడ్డాను.

పదకొండో నిమిషానికి నాన్నగారు వచ్చారు. భుజం మీద కండువా, చేతిలో పులిహోర బేసిన్, పంక్తిలో ఎవరికో వద్దన్నా వడ్డిస్తూ. అమ్మ ముందుకి వంగింది. సరిగ్గా అప్పుడే ఆనాటి వీడియో ఆయన మిక్సింగ్ చూపించాడు. మూలనుంచి ఎర్ర గుండె బొమ్మొకటి ఊరుతూ వచ్చి, దాంట్లో నేనూ మా ఆవిడా నవ్వుతూ తేలి, నాన్నగారినీ పులిహోరనీ కప్పేశాం.

“కాస్త పక్కకి జరగరా” అంది అమ్మ, టీవీలో నాతో.