మగపిల్లాడికీ ఓ జత సూదులు

వేసవి శిబిరంలో ఊలు, సూదులు బల్ల మీద సర్దుతుంటే ఒకావిడ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది. కూతుర్ని నా ముందు కూర్చోబెట్టింది. కొడుకు కూడా కూర్చోబోతే రెక్క పట్టుకుని లేపి, "వీడికి ఇవెందుకండీ, చెస్‌లో వేసుకోండి" అంది. మంచి మనిషే. మనలో చాలామంది మనసులో అనుకునేదే ఆవిడ పైకి అంది: కుట్లూ అల్లికలూ ఆడపిల్లల పని, అదీ వేరే పనేమీ లేనప్పటి కాలక్షేపం.

ఎవరు చెప్పారు? మేజోళ్లు అల్లే యంత్రాన్ని 1589లో తయారుచేసిన విలియం లీ మగవాడే. పెరూలో టిటికాకా సరస్సు మధ్య టాకిలే అనే దీవి ఉంది. అక్కడ టోపీలు అల్లేది మగవాళ్లు. పిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటారు. ఆడవాళ్లు మగ్గం నేస్తారు. ఆ దీవి నేత, అల్లికలను యునెస్కో 2005లో గుర్తించింది. సూదికి ఆడా మగా తేడా తెలియదు, మనమే అంటగట్టాం.

మన ఎండలకి ఊలెందుకని ఇంకొందరంటారు. వాళ్లని ఒకసారి నరసాపురం వెళ్లి రమ్మనండి. గోదావరి ఒడ్డున, ఉక్కపోతలో, నూలుదారంతో లేసు అల్లుతూ తరాలు గడిచాయి. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన విద్య అది. అక్కడ కొక్కెం సూది ఒక్కటే, మన పిల్లలకి రెండు సూదులు. అంతే తేడా.

నరసాపురం పేరెత్తగానే అసలైన అభ్యంతరం ఎదురొస్తుంది, నాకు గౌరవం ఉన్నది దానిమీదే. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ అక్కడి లేసు పనివాళ్ల మీద 1982లో పుస్తకం రాసింది. ఇంటి చాకిరీకి తోడు రోజూ గంటల తరబడి అల్లినా ఆ ఆడవాళ్లని పనివాళ్లుగా ఎవరూ లెక్కగట్టలేదు. ఖాళీగా ఉన్న గృహిణులన్నారు, కూలీ కూడా ఆ లెక్కనే ఇచ్చారు. వ్యాపారం మగవాళ్లది. మరి ఆడపిల్లకి ఇదే నేర్పితే మళ్లీ అదే గతి కాదా?

ఆడపిల్లకి మాత్రమే నేర్పితే అవుతుంది. నా గొడవంతా అదే. ఆడవాళ్లు మాత్రమే చేసే పనికి మన దగ్గర విలువ కట్టరు. ఒక వరస అల్లడానికి మెడ ఎంత లాగుతుందో, చూపుడువేలు ఎంత కందుతుందో తెలిసిన కుర్రాడు రేపు బేరమాడేటప్పుడు కాస్త ఆలోచిస్తాడు. అల్లిక నేర్పితే లెక్కలొస్తాయి, తెలివి పెరుగుతుంది అని బడులు కరపత్రాల్లో వేసుకుంటున్నాయి. ఆ ఆశ నేను పెట్టను.

చెస్‌కి పంపిన కుర్రాడు మూడోరోజు తనే వచ్చి చెల్లెలి పక్కన చేరాడు. ఇరవై లూపులు ఎక్కించాడు. నాలుగో వరసకి ఇరవైమూడయ్యాయి. "నేనేం చెయ్యలేదు, అవే పెరిగాయి" అన్నాడు. వరస మొదట్లో దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగేస్తున్నాడు. అలా లాగితే మొదటి లూపు రెండు కాళ్లూ పైకి లేచి రెండు లూపుల్లా కనిపిస్తాయి, తెలియక రెండూ అల్లేస్తాం. దారం సూది కిందుగా వెనక్కి పోవాలి. ఆ మాట నాకంటే ముందు వాళ్ల చెల్లెలు చెప్పింది. వాడు మూతి ముడిచి, మొత్తం విప్పేసి, అదే ఊలుతో మళ్లీ ఇరవై ఎక్కించాడు. పరీక్ష పేపర్లో కొట్టివేత ఉండిపోతుంది. ఇక్కడ తప్పు ఆనవాలైనా మిగలలేదు.

సెలవులివ్వగానే ఎనిమిదో నంబరు సూదులు, మందపాటి ఊలు ఉండ కొనండి. లేత రంగుది తీసుకోండి, నల్లదైతే లూపులు కనపడవు. ఇంట్లో అబ్బాయీ అమ్మాయీ ఉంటే రెండు జతలు కొనండి.