క్రీడా శాఖ మంత్రి గారికి ఒక తల్లి బహిరంగ లేఖ

అయ్యా,

మా అమ్మాయి నాలుగు వందల మీటర్లు పరిగెత్తేది. ప్రభుత్వ క్రీడా హాస్టల్లో ఉన్నప్పుడు మోకాలికి దెబ్బ తగిలింది. కాలు నయమైంది. కానీ స్టార్టింగ్ బ్లాక్ మీద పాదం పెట్టగానే పిల్ల వేళ్లు చల్లబడిపోయేవి. కోచ్ గారు "భయమేంటి, పరిగెత్తు" అనేవారు. ఆయన్ని నేను తప్పుపట్టను, అంతకుమించి ఏం చేయాలో ఆయనకెవరూ నేర్పలేదు. స్పైక్స్ ఇప్పుడు మా ఇంట్లో మేకుకు వేలాడుతున్నాయి.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ మనసు సహకరించట్లేదని టీమ్ ఫైనల్ మధ్యలోనే తప్పుకుంది. ఆమెకు అండ దొరికింది. పారిస్ ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచింది. మన గుకేశ్ 2024లో ప్రపంచ చెస్ టైటిల్ పోరు మొదటి గేమే ఓడాడు, అయినా నిలబడి గెలిచాడు. అతని వెనక ప్యాడీ ఆప్టన్ అనే మానసిక శిక్షకుడున్నారు. అంతటివాళ్లకే మనిషి తోడు కావలసి వస్తే, పదమూడేళ్లకు ఇల్లు వదిలి హాస్టల్లో చేరే పిల్లకు అక్కర్లేదా?

ప్రతి క్రీడా పాఠశాలలో ఫిజియోతో పాటు ఒక స్పోర్ట్స్ సైకాలజిస్టును శాశ్వతంగా నియమించండి. పోటీలప్పుడు వచ్చి ఉపన్యాసమిచ్చి వెళ్లేవాళ్లు చాలరు. పిల్లలు చెప్పుకున్న మాట సెలెక్టర్ల చెవిన పడకూడదని రాతపూర్వకంగా ఆదేశమివ్వండి. అది లేకపోతే ఎవరూ నోరు విప్పరు. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం లాంటివి గుర్తుపట్టేలా కోచ్‌లకూ వార్డెన్లకూ శిక్షణ ఇప్పించండి.

వచ్చే జూన్‌లో కొత్త పిల్లలు ట్రంకు పెట్టెలతో దిగుతారు. ఆలోపే చేయండి.

ఇట్లు,
ఒక అథ్లెట్ తల్లి