కూతురికి వాటా ఇస్తే భూమి పరాయిపాలవుతుందా?

నూరేళ్లకు పైబడిన కిందట, ఉక్కు కర్మాగారం రాకముందు, సాక్చి ఒక చిన్న పల్లె. 1919లో అది జంషెడ్‌పూర్ అయింది. పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ మాలాంటి తెలుగు దళిత కుటుంబాలకు పంచుకోవడానికి సెంటు భూమి లేదు. చుట్టుపక్కల భూమి ఉన్న ఆదివాసీ ఇళ్లలో ఉన్నది వేరే ప్రశ్న: తండ్రి పొలంలో కూతురికి వాటా ఉందా?

ఇక్కడి భూమికి కాపలా 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం. మన ఏజెన్సీలో 1/70 ఎలాగో ఇక్కడ ఇది అలాగ. ఆదివాసీ రైతు భూమి ఆదివాసేతరుల చేతికి పోకుండా అడ్డుకునేది ఇదే. కానీ ఇదే చట్టంలోని 7, 8 సెక్షన్లు వారసత్వాన్ని మగ సంతతికే పరిమితం చేశాయి. కూతుళ్లకు సమాన వాటా ఇచ్చిన 2005 హిందూ వారసత్వ సవరణ ఈ ఇళ్లదాకా రాలేదు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు.

సింగ్‌భూమ్ హో మహిళల హక్కుపై మధు కిశ్వర్ కేసులో సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. మెజారిటీ న్యాయమూర్తులు ఆ సెక్షన్లను కొట్టివేయలేదు. ఆ భూమి మీద ఆధారపడిన ఆడవాళ్ల జీవనోపాధి హక్కును మాత్రం కాపాడారు. బతకడానికి చోటు దక్కింది, యాజమాన్యం దక్కలేదు. భిన్నాభిప్రాయం రాసింది తెలుగు నేల నుంచి వెళ్లిన దళిత న్యాయమూర్తి జస్టిస్ కె. రామస్వామి. మగవారితో సమానంగా ఆడవారికీ సంపూర్ణ హక్కు ఉందన్నారు. అయితే అమ్మకంపై చట్టంలో ఉన్న ఆంక్షలు ఆమె వాటాకూ వర్తిస్తాయని, అమ్మదలిస్తే ముందు సోదరుడికే చూపాలని షరతు పెట్టారు.

కూతురికిస్తే అల్లుడి ద్వారా భూమి బయటివాళ్ల పాలవుతుందన్న భయానికి జవాబు అందులోనే ఉంది. ఆ భయం వట్టిది కాదు. ఇక్కడి ఆదివాసులు పోగొట్టుకున్న భూమి తక్కువేం కాదు. కానీ కొడుకు చేతిలో ఉన్న భూమిని కాపాడే ఆంక్ష, కూతురి చేతికి రాగానే ఎందుకు పనిచేయదు?

2025 జూలైలో, ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవారిని మినహాయించే ఆచారం ఉందని రుజువు కానప్పుడు వాటా నిరాకరించడం సమానత్వ హక్కుకు విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. ఇక ప్రతి కూతురూ కోర్టు మెట్లెక్కాల్సిన పనేముంది? గ్రామసభలతో, ముఖ్యంగా ఆదివాసీ మహిళలతో మాట్లాడి జార్ఖండ్ శాసనసభ ఆ సెక్షన్లను సవరించాలి. అమ్మకంపై ఆంక్షలను మాత్రం ముట్టుకోకూడదు.

ఇది పొరుగింటి గొడవ అనుకోనక్కర్లేదు. మన ఇళ్లలోనూ అసైన్డ్ పట్టా కొడుకుల పేరు మీదికే పోతుంది. ‘పెళ్లికి ఖర్చు పెట్టాంగా’ అంటూ ఆడపిల్ల చేత సంతకం పెట్టించుకోవడం మనకు తెలియనిది కాదు. 1951లో బాబాసాహెబ్ మంత్రి పదవి వదులుకోవడానికి ఒక ముఖ్య కారణం, ఆడవారికి ఆస్తి హక్కునిచ్చే హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టడం. ఆయన ఫొటో ఉన్న ప్రతి ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకం తెరిచి చూడాలి, అందులో కూతురి పేరు ఉందో లేదో.