డోలీ దిగాక ఏమవుతోంది?

పోస్ట్ కొంచెం పెద్దదే. తీరిక చూసుకుని చివరిదాకా చదవండి.

గత నెలలో మన గ్రూపులో డోలీ వీడియోలు మూడు వచ్చాయి. మూడింటినీ మేము కూడా షేర్ చేశాం. రోడ్డు వేయమని రాశాం, నాయకులను తిట్టాం. ఆ కోపం న్యాయమే. కానీ ఆ వీడియోలు ఎక్కడ ఆగిపోతాయో గమనించారా? అంబులెన్స్ తలుపు మూసుకోగానే ఆగిపోతాయి. తల్లిని ఎక్కించేశారు కదా, ఇక ఆస్పత్రివాళ్లు చూసుకుంటారులే అని మనమూ ఫోన్ పక్కన పెట్టేస్తాం.

మా వదిన డోలీ ఎక్కలేదు. నొప్పులు రాకముందే, ఒక రోజు ముందే ఆస్పత్రిలో చేరింది. అయినా చనిపోయింది. అందుకే ఈ పోస్ట్.

మేము ఆరుగురం ఒకే హాస్టల్ గదిలో ఉండి డిగ్రీ చదువుతున్నాం. ఆరుగురి ఇళ్లలోనూ కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు. కాబట్టి ఊళ్లో ఎవరికి ఆపద వచ్చినా ఫోన్ మాకే వస్తుంది. చదువుకున్న పిల్లలు, టౌన్లో ఉన్నారు, ఏదో ఒకటి చేస్తారులే అని. ఆ వదిన మాలో ఒకరికి సొంత అన్న భార్య, కాబట్టి మా అందరికీ వదినే. ఊరి పేరు, ఆస్పత్రుల పేర్లు కావాలనే రాయడం లేదు.

ఆ రాత్రి 10:40కి అన్న ఫోన్ చేశాడు. కాన్పయింది, పాప బాగుంది, కానీ రక్తం ఆగట్లేదు, నగరంలో పెద్దాస్పత్రికి పంపిస్తున్నారు, రక్తం రెడీ చేసి పెట్టమన్నారు అన్నాడు. వార్డెన్ మేడం తానే ఆటోలు మాట్లాడి పంపింది. పక్క గదుల వాళ్లతో కలిపి తొమ్మిది మందిమి వెళ్లాం. తొమ్మిది మందిలో ఇద్దరి దగ్గరే రక్తం తీసుకున్నారు. నలుగురికి హిమోగ్లోబిన్ 12.5 లేదు. ఇద్దరు 45 కిలోలు కూడా లేరు. ఒకరికి నెలసరి. రక్తం తీసే ఆయన మా వేళ్ల మీద సూది గుచ్చి చూస్తూ, "మీకే ఎక్కించాలమ్మా" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, ఉన్నమాట అన్నాడు. ఇంకా అక్కడ బెంచీ మీద కూర్చునే ఉన్నాం, 12:10కి అన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఘాట్‌రోడ్డు దిగకుండానే పోయింది.

తర్వాత అన్న ఫోన్‌లో కాల్ లిస్టు చూసి, ఆయనకు గుర్తున్నది అడిగి, టైములు మేమే ఒక కాగితం మీద రాసుకున్నాం. సాయంత్రం 6 గంటలకు కాన్పు. ఆరున్నరకల్లా రక్తం ఎక్కువ పోతోందని తెలిసింది. ఏడుంపావుకి రిఫర్ చేశారు. బండి వచ్చి కదిలేసరికి ఎనిమిదిన్నర. రెండో ఆస్పత్రికి 9:40. అక్కడ రక్తం లేదన్నారు, పదిన్నరకు మళ్లీ బండెక్కించారు. అంటే రక్తం పోవడం మొదలయ్యాక వదినకు దొరికిన ఐదు గంటల 40 నిమిషాల్లో రెండు గంటల 50 నిమిషాలు రోడ్డు మీదే గడిచాయి. గంటంపావు బండి కోసం ఎదురుచూడటంలో పోయింది.

కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే సుమారు రెండు గంటల్లో ప్రాణం పోవచ్చని వైద్య పుస్తకాలు చెప్తాయి. వదిన అంతకంటే ఎక్కువసేపే నిలబడింది. మొదటి ఆస్పత్రి నర్సక్క బండిలో కూడా వచ్చి, దారి పొడవునా కడుపు నొక్కి పట్టుకునే ఉందట. పోయాక మనవాళ్లతో పాటే ఏడ్చిందట. ఈ మాట ఎందుకు రాస్తున్నామంటే, కింద రాయబోయేదంతా ఆమె మీద కోపం కాదు. ఆ రాత్రి ఆ కాన్పుల గదికి ఆమె ఒక్కతే.

ఇప్పుడు అసలు విషయం. వదిన తల్లి-బిడ్డ కార్డు మా దగ్గర ఉంది. ఐదో నెలలో హిమోగ్లోబిన్ 8.2 అని రాసి ఉంది. గర్భిణికి 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే తీవ్రం. కార్డు మీద హైరిస్క్ అని ఎర్ర ముద్ర కూడా ఉంది. ఆ తర్వాత గడులు ఖాళీ. ఐరన్ బిళ్లలు ఇచ్చారు, మింగితే వికారం వస్తోందని మానేసింది, మానేసిందని అందరికీ తెలుసు. మాకూ తెలుసు. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు మాతోనే చెప్పింది, మేము నవ్వేసి ఊరుకున్నాం. బిళ్లలు పడనివాళ్లకు నరానికి ఇంజెక్షన్‌గా ఐరన్ ఎక్కిస్తారని అప్పుడు మాకు తెలీదు.

ఆ కార్డులో రిస్కులన్నీ చూడండి. వయసు, ఎత్తు, ఎన్నో కాన్పు, బీపీ, రక్తం, ముందు ఆపరేషన్ అయిందా. అన్నీ ఆడమనిషి ఒంట్లో వెతికేవే. రాత్రి డ్యూటీలో డాక్టర్ ఉంటాడా, మత్తు డాక్టర్ ఉన్నాడా, ఫ్రిజ్‌లో ఆమె గ్రూపు రక్తం ఉందా, పై ఆస్పత్రికి ఎన్ని గంటల దారి, అంబులెన్స్ ఎంత దూరంలో ఉంది? వీటికి కార్డులో గడి లేదు. ఆస్పత్రి కూడా ఒక రిస్కేనని ఎక్కడా రాయరు. అందుకే మనిషి పోయాక "రక్తహీనత ఉన్న కేసు" అని తేలిగ్గా చెప్పేస్తారు. రక్తహీనత ఉందని నాలుగు నెలల ముందే ముద్ర వేసినవాళ్లు, రక్తం లేనిచోట ఎందుకు కాన్పు చేయించారని మనం అడగం.

ఇది ఒక్క మన ఏజెన్సీ సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద సుమారు 2,60,000 మంది తల్లులు గర్భంతో ఉండగానో, కాన్పులోనో, కాన్పయ్యాక రోజుల్లోనో చనిపోయారు. రోజుకు 700 మందికి పైనే. అందులో 90 శాతానికి పైగా పేద, దిగువ మధ్య ఆదాయ దేశాల్లోనే. ముఖ్య కారణాలు కూడా అన్నిచోట్లా దాదాపు అవే: రక్తస్రావం, బీపీ పెరిగి ఫిట్స్ రావడం (మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది ఇదే), చీము పట్టి ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకడం, బిడ్డ అడ్డం తిరగడం, సరిగా చేయని అబార్షన్లు. వీటిలో మందు లేని జబ్బు ఒక్కటీ లేదు. ఫిట్స్‌కు మెగ్నీషియం సల్ఫేట్ ఉంది. రక్తం ఆగడానికి ఆక్సిటోసిన్ ఉంది. కాకపోతే ఆ ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. గాలివాన వస్తే కరెంటు రెండు రోజులు రాని మన ఊళ్లలో ఆ ఫ్రిజ్ సంగతి ఎవరైనా అడిగారా?

1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాల వెనక మూడు ఆలస్యాలు ఉంటాయని రాశారు. ఆస్పత్రికి వెళ్దామని ఇంట్లో తేల్చుకోవడంలో ఒకటి, చేరుకోవడంలో ఒకటి, చేరాక వైద్యం అందడంలో ఒకటి. మా జువాలజీ మేడం ఈ మాట చెప్పినప్పుడు మాకు డోలీ వీడియోలే గుర్తొచ్చాయి. మన గురించి ఎవరు మాట్లాడినా మొదటి రెండింటితోనే సరిపెడతారు. అధికారులు మొదటిది చెప్తారు: గిరిజనులకు అవగాహన లేదు, నాటువైద్యం, మంత్రసాని. మనం రెండోది చెప్తాం: రోడ్డు లేదు. మూడోది ఎవరూ పెద్దగా ఎత్తరు. ఎత్తాలంటే ఆస్పత్రి లోపలికి వెళ్లాలి, రిజిస్టర్లు అడగాలి. వీడియోలో కనిపించేది కాదు అది.

ఇంకొకటి కూడా ఉంది. ఇంటి దగ్గర కాన్పు వద్దు, ఆస్పత్రికే రండి అని ఇన్నేళ్లుగా మనవాళ్లకు చెప్పారు. మంచిదే చెప్పారు. 2005లో జననీ సురక్ష యోజన వచ్చింది, అదే ఏడాది ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 108 మొదలైంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పు, మందులు, రక్తం, భోజనం, ఇంటి నుంచి బండి, ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి బండి అన్నీ ఉచితం. మనవాళ్లు నమ్మి వచ్చారు. కొండ దిగి వచ్చినవాళ్లకు అక్కడ ఒక గది, ఒక నర్సు, ఒక రిఫర్ చీటీ దొరికితే, రేపు ఇంకో వదినను రమ్మని మేము ఏ మొహంతో చెప్పాలి? ఊళ్లో ఇప్పుడే అంటున్నారు, ఆస్పత్రికి వెళ్లే కదా పోయింది అని. మాకు ఎక్కువ భయం ఆ మాటతోనే. ఆ మాట పాకితే మళ్లీ ఇళ్లలో కాన్పులు మొదలవుతాయి, ఇంకా ఎక్కువమంది పోతారు.

డబ్బులేమి అని చెప్పి తప్పించుకోవడం కూడా కుదరదు. ఢాకాలో డాక్టర్ సయేబా అఖ్తర్ ఖరీదైన బెలూన్ కొనలేక, కండోమ్‌ను క్యాథెటర్‌కు కట్టి, గర్భసంచిలో పెట్టి సెలైన్‌తో నింపి రక్తం ఆపారు. అలాంటి పేద దేశపు ప్రభుత్వ ఆస్పత్రిలో పుట్టిన పద్ధతే అది. 2023లో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా ఆస్పత్రుల్లో చేసిన పెద్ద పరిశోధన ఒకటి బయటికొచ్చింది. కాన్పు కాగానే తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి, రక్తం ఎంత పోయిందో కంటి అంచనాతో కాకుండా గీత చూసి తెలుసుకుని, వెంటనే చేయాల్సినవన్నీ ఒకేసారి చేశారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. సంచి, గీతలు, నేర్పిన నర్సు. అంతే. వదిన కింద పరిచింది మా పిన్ని పాత చీర. తడిసిన చీర చూసి ఎంత రక్తం పోయిందో ఎవరు చెప్పగలరు?

రోడ్డు వద్దని మేము అనట్లేదు. పాడేరు నుంచి విశాఖకు నూరు కిలోమీటర్లకు పైనే, అందులో ఘాట్. ఎంత మంచి రోడ్డు వేసినా ఆ దూరం తగ్గదు. కాబట్టి రక్తం, మత్తు డాక్టర్, ఆపరేషన్ గది కొండ మీదే, రాత్రి పూట కూడా ఉండాలి. దూరపు ఊళ్ల గర్భిణులు నెలలు నిండగానే వచ్చి ఉండేందుకు సాలూరు, గుమ్మలక్ష్మీపురంలో పెట్టిన వసతి గృహాల్లాంటివి కూడా అన్నిచోట్లా కావాలి. అయితే అవి పెద్దాస్పత్రి పక్కన ఉంటేనే ఉపయోగం.

మనలో నర్సింగ్ చదివే అక్కలను అడిగితే ఒక సంగతి తెలిసింది, ఇది చాలామందికి తెలీదు. గర్భిణిగా ఉన్నప్పుడు గానీ, కాన్పయిన 42 రోజుల్లోపు గానీ ఎవరు చనిపోయినా, ఇంట్లో అయినా దారిలో అయినా ఆస్పత్రిలో అయినా, ఆ మరణంపై విచారణ జరగాలి. మాతృ మరణాల సమీక్ష అంటారు, ఎండీఎస్‌ఆర్. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లెవరు పోయినా ఆశా కార్యకర్త 24 గంటల్లో చెప్పాలి. ఇంటికి వచ్చి ఏం జరిగిందో మొదటి నుంచి అడిగి రాసుకోవాలి. కలెక్టర్ దగ్గర జరిగే సమావేశానికి చనిపోయిన ఆమె ఇంటివాళ్లను కూడా పిలవాలి. ఎవరినో ఒకరిని బలి చేయడం దాని ఉద్దేశం కాదు, ఎక్కడ తప్పిందో కనిపెట్టి సరిచేయడం ఉద్దేశం. మా వదిన విషయంలో మొదటి ఆస్పత్రి "మా దగ్గర పోలేదు" అంది, రెండోది "మేము పంపేటప్పటికి బతికే ఉంది" అంది, పెద్దాస్పత్రికి ఆమె చేరనే లేదు. ఏ రిజిస్టర్‌లోనూ మరణం లేదు. 2018–20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43 తల్లుల మరణాలని వేశారు. రాష్ట్రం మొత్తానికి ఒకే అంకె, మన కొండలకు విడిగా లేదు. రాష్ట్రం అంకె తగ్గింది, సంతోషం. ఆ అంకెలో మన వాటా ఎంతో మనకు చెప్పేవాళ్లు లేరు.

కాబట్టి మన గ్రూపుకు మా అభిప్రాయం ఇది. ఇకనుంచి ఇలాంటి మరణం జరిగితే ఫొటో ఒక్కటే పెట్టకండి, పాపం ఆ ఇంటివాళ్ల ముఖాలైతే అసలు పెట్టకండి. టైములు రాయండి. రిఫర్ చీటీ ఫొటో తీసి దాచండి. వదిన చీటీలో జబ్బు పేరు, "పై ఆస్పత్రికి" అనే మాట తప్ప ఏ టైమూ లేదు, ఏ ఇంజెక్షన్ ఇచ్చారో లేదు. మీ మండలం ఆస్పత్రిలో రక్తం నిల్వ ఉండే ఫ్రిజ్ పనిచేస్తోందా, రాత్రి ఆపరేషన్లు చేస్తున్నారా అని సమాచార హక్కు కింద అడగండి. పెద్ద ఖర్చు లేని పని. మేము మా మండలానికి అడిగాం, జవాబు వస్తే ఇక్కడే పెడతాం.

రెండోది మా ఆడపిల్లలకు. తొమ్మిది మందిలో నలుగురికి రక్తం చాలలేదంటే, రేపటి హైరిస్క్ కార్డులు మావే. హాస్టల్ మెనూలో గుడ్డు వారానికి ఎన్నిసార్లు వస్తోందో లెక్క పెట్టడం మొదలుపెట్టాం. వచ్చే ఆదివారం ఏఎన్‌ఎం అక్కను పిలిచి హాస్టల్ అందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయిస్తున్నాం. మిగతా హాస్టళ్ల వాళ్లు కూడా చేయించుకోండి.

వదిన మరణంపై సమీక్ష జరపమని పోయిన సోమవారం గ్రీవెన్స్‌లో అన్న చేత అర్జీ పెట్టించాం. రశీదు ఇచ్చారు, పిలుపు ఇంకా రాలేదు. మీలో ఎవరి ఇంటివాళ్లయినా అలాంటి సమావేశానికి వెళ్లి ఉంటే, అక్కడ ఏం అడుగుతారో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో, మన భాషలో చెప్తే రాసుకుంటారో లేదో మాకు చెప్పండి. అన్న తెలుగు మాట్లాడతాడు గానీ పెద్దవాళ్ల ముందు నోరు పెగలదు. వెంట మాలో ఇద్దరం వెళ్తున్నాం.